మారెమ్మ బట్టల బండ

మారెమ్మ నోటికి జడవని మనిషి ఆ ఊళ్ళో లేడు. ఇబ్రహీంపట్నంలో మంచాల పోయే బస్సెక్కి, ఊరి ముందర దిగి, నారయ్య ఇల్లేదని అడిగితే ఎవరైనా చెయ్యెత్తి రోడ్డు పక్కన రేకుల ఇల్లు చూపిస్తారు. చూపించి ఊరుకోరు. "ముసల్ది ఇంట్లనే ఉన్నట్టుంది, జర చూసి మాట్లాడుండ్రి" అని ఒక మాట కలిపి పంపుతారు. పాలు పోసే మనిషి నుంచి చర్చిలో పాస్టరమ్మ దాకా ఆమె చేత ఎప్పుడో ఒకప్పుడు తిట్లు తినని వాళ్ళు లేరు. అందరికంటే ఎక్కువ తిన్నవాడు మాత్రం ఆమె మొగుడు నారయ్యే. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. అయినా ఆమె తిట్టడం మానలేదు, గోడ మీది ఫోటోను తిట్టేది.

తిట్టడానికి ఆమెకు కారణాలకేం కొదవ లేదు గానీ, అన్నిటికీ అడుగున ఉన్నది ఒక్కటే. అది తెలిస్తే మారెమ్మ తెలిసినట్టే. "నా తొలిచూలు బిడ్డను ఏడ పెట్టినవ్?" అని ఆమె అడిగింది. పెళ్ళయిన కొత్తలో అడిగింది, తల నెరిశాక అడిగింది, ఆయన మంచాన పడ్డాక కూడా అడిగింది. నారయ్య చెప్పకుండానే పోయాడు.

బిడ్డ పుట్టిన నాటికి అక్కడ రేకుల ఇల్లు లేదు, గడ్డి కప్పిన గుడిసె. ముసురు పట్టిన వానాకాలం. ఆడపిల్ల. రొమ్ము అందిస్తే మొహం తిప్పుకునేది, చుక్క పాలు మింగలేదు. వారం తిరక్కుండానే తెల్లవారుతుండగా తల్లి ఒళ్ళోనే చల్లబడిపోయింది. మారెమ్మ కెవ్వుమనేలోపే అత్త వచ్చి, బిడ్డను తీసుకుని, నారయ్య తువ్వాలలో చుట్టి ఆయన చేతిలోనే పెట్టింది. పేరైనా పెట్టని పసిగుడ్డును వాళ్ళ ఇళ్ళల్లో శ్మశానానికి మోయరు. సొంత జాగాలోనే ఒక పక్కన గుంత తీసి పెడతారు. పెట్టేది తండ్రి. తల్లి గడప దాటకూడదు, ఆ చోటు ఆమెకు చూపించకూడదు. చూపిస్తే పొద్దస్తమానం అక్కడే కూర్చుంటుందని, మళ్ళీ కడుపు నిలవదని పెద్దవాళ్ళ భయం. చెప్పనని అత్త కొడుకు చేత ఒట్టు వేయించుకుంది.

గుడిసెలో పడుకున్న బాలింతకు గడ్డపార చప్పుడు వినిపించింది. వాన హోరులో అది ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియలేదు. లేచి తడిక దాకా పోబోతే అత్త భుజం పట్టి పడుకోబెట్టింది. ఆ ఒక్క అడుగు వెయ్యనివ్వలేదే అని మారెమ్మ అత్తను, ఆమె చచ్చి మట్టిలో కలిసినా క్షమించలేదు.

పచ్చి ఒళ్ళు తీరాక అడిగింది.

"ఏడ పెట్టినవయ్యా?"

"మన జాగల్నే ఉన్నది తియ్యి."

"మన జాగల అంటే ఏడ?"

"తెలిసి ఏం చేస్తవ్? గక్కడ్నే కూసుంటవ్. నీ సంగతి నాకెర్కలేదా?"

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. తర్వాత పరమేష్ పుట్టాడు, బతికాడు, బడికి పోయాడు. ఇంకేం భయమయ్యా, ఇప్పుడన్నా చెప్పు అంటే, "అమ్మకు మాటిచ్చిన" అని తల దించుకునేవాడు. మనిషి మెతకే. కానీ కొన్ని విషయాల్లో మహా మొండిఘటం. దెబ్బలాడితే ఎదురు తిట్టేవాడు కూడా కాదు. ఎదురు తిట్టని వాడితో ఎంతసేపని కొట్లాడతాం చెప్పండి.

నారయ్య బతుకంతా గుంతలు తవ్వడంలోనే పోయింది. చిన్నప్పుడే హైదరాబాదులో ఒక గుత్తేదారు కింద కరెంటు తీగలు, టెలిఫోన్ తీగలు భూమిలో పూడ్చే పనిలో చేరాడు. అక్కడ మేస్త్రీలు నేర్పిన పద్ధతినే చివరిదాకా పట్టుకున్నాడు. కాలువలా గుంత తీసి, అడుగున ఇసుక పరిచి, తీగ వేసి, మళ్ళీ ఇసుక పోసి, దాని మీద ఇటుకలు పేర్చేవాడు. నిలువుగా కాదు, అడ్డంగా, ఒకదాన్నొకటి ఆనుకునేట్టు. ఆ పైన మట్టి. తర్వాతి రోజుల్లో బొంగులూరు దిక్కు వెంచర్లు లేచి, ఇళ్ళకు నీళ్ళ పైపులు, కరెంటు తీగలు పూడ్చే పని చేతి నిండా దొరికింది. అక్కడి వాళ్ళు ఇటుకలెందుకు దండగ, ఎర్ర ప్లాస్టిక్ పట్టీ పరిస్తే చాలన్నారు. నారయ్య పట్టీ పరిచేవాడు, ఆ కింద పగిలిన ఇటుక ముక్కలేరుకొచ్చి పేర్చేవాడు కూడా.

"గింత చాదస్తం ఏందన్నా?" అని ఆయనతో జోడీగా తవ్వే ప్రభుదాస్ నవ్వేవాడు.

"రేపు ఎవడో వచ్చి తవ్వుతడు తమ్మీ. మనం ఉండం చెప్పనీకి. వాని గడ్డపారకు ముందుగాల ఇటుక తగలాలె. తగిలితే ఆగుతడు. కింద ఏదో ఉన్నదని సమజైతది."

ఊరందరి గుంతల సంగతీ అంత జాగ్రత్తగా చూసిన మనిషి ఇంటి దగ్గర మాత్రం ఉత్త చేతకానివాడని మారెమ్మ తీర్పు. పొయ్యి కట్టుకుందామని పట్నంలో పని కాడి నుంచి ఎర్ర ఇటుకలు సంచీలో వేసుకుని బస్సులో మోసుకొచ్చి, వాటిని కూడా నిలుపుకోలేకపోయాడు. ఆ బిడ్డ పోయిన వానాకాలంలోనే ఇటుకలూ మాయమయ్యాయి. ఏవయ్యా అంటే, "ఎవడో ఎత్కపోయిండు" అన్నాడు. మట్టి గుడిసెలో ఎర్ర ఇటుకంటే ఆ రోజుల్లో చిన్న సంగతా? ఆ సంవత్సరమంతా మూడు రాళ్ళ మీద వండుతూ, పొగకు కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా మొగుణ్ణి ఒక మాట అనేది.

అంతకంటే పెద్ద జగడం బట్టల బండది. రోడ్డు వారన సర్కారు వాళ్ళు బోరింగు వేశాక, దానికీ ఇంటికీ నడుమనున్న ఖాళీ జాగాలో ఒక బండ వేయించమని మారెమ్మ అడిగింది. నాలుగడుగుల్లో నీళ్ళు, ఉతికిన నీళ్ళు అరటి చెట్టుకు పారతాయి. చిన్నపిల్ల కూడా ఒప్పుకునే మాట. నారయ్య ఒప్పుకోలేదు. "గక్కడ నేల మెత్తగుంటది, బండ కుంగుతది" అన్నాడు. నేలేమో రాయిలా గట్టిగా ఉంది! పోనీ మేకల కొట్టం కట్టుకుందామంటే వద్దు, కూరగాయలు పెట్టుకుందామంటే వద్దు. చివరికి ఇంటి వెనకాల, కంచె దగ్గర బండ వేశాడు. బోరింగు నుంచి అక్కడికి నీళ్ళు మోయడమంటే నడుము విరగడమే. మోసిందా అంటే, న్యాయంగా చెప్పాలి, ఎక్కువ మోసింది నారయ్యే. పనికి పోయేముందు బిందెలతో మోసి అక్కడ డ్రమ్ము నింపి పోయేవాడు. జ్వరమొచ్చినా నింపాడు. ఇంటి ముందుకు నల్లా వచ్చాక కూడా, అదే జాగా పక్కన నల్లా ఉంటే కూడా, వెనక్కే మోశాడు.

"నీళ్ళు మోస్తడు గానీ మాట వినడు. ఏం పంతమో ఏమో" అని ఆమె నలుగురిలో అనేది. నలుగురూ నవ్వేవాళ్ళు, నారయ్యా నవ్వేవాడు.

మరి బిడ్డ ఎక్కడున్నట్టు? మారెమ్మ తనంతట తానే ఒక నిర్ణయానికొచ్చింది. జాగా మూలన కానుగ చెట్టుంది. పని నుంచి వచ్చి నారయ్య బీడీ కాల్చుకునేది దాని కిందే. ఇంట్లో నీడ లేనట్టు అక్కడికే పోయి కూర్చుంటాడంటే ఊరికే పోతాడా? అక్కడే ఉంది నా బిడ్డ, అనుకుంది. ఈస్టరు రోజు తెల్లారక ముందే అందరూ సమాధుల దగ్గరికి పోయి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మారెమ్మ అత్తామామలకు వెలిగించి, ఒకటి కొంగున దాచుకుని తెచ్చి కానుగ చెట్టు మొదట్లో వెలిగించేది. బంతిపూలు పెట్టేది. నారయ్య గడపలో నిలబడి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు.

చివరికి ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. దవాఖానలో మంచం పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి ఆమె అడిగింది. "కానుగ చెట్టు కాడ్నే గదా? అవ్ అంటే కండ్లు మూయి." నారయ్య ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. కళ్ళు మూసుకున్నాడు. అవునన్నాడని ఆమె కొంగుతో ఆయన మొహం తుడిచింది, ఇన్నేళ్ళకు చెప్పినవ్ తియ్యి అని నుదురు నిమిరింది. రెండు రోజులకు ఆయన పోయాడు.

ఆయన పోయి నెల తిరక్కముందే మారెమ్మ చేసిన మొదటి పని ఏమిటంటే, కొడుకు వెంటపడి నల్లా ముందర బండ వేయించుకోవడం. మంచి నల్లబండ, మంచమంత వెడల్పు. నలుగురు మనుషులు మోసి తెచ్చి చదును చేసిన నేల మీద పరిచారు. మొదటిరోజు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసి, అవసరం లేకపోయినా ఉతికింది. తర్వాత చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి ఫోటో ముందర నిలబడింది.

"చూసినవా? ఏం కుంగింది? ఒట్టిగనే నా నడుము ఇరగ్గొడితివి."

రెండేళ్ళు ఆ బండ ఆమె రాజ్యం. పొద్దున్నే బట్టల చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. మనవరాలు స్తుతికి స్నానం దాని మీదే. గిన్నెలు దాని మీదే, మేకకు కడుగు నీళ్ళు దాని మీదే. సాయంత్రం కాళ్ళు చాపుకుని కూర్చుని వచ్చేపోయే వాళ్ళతో ముచ్చట్లు కూడా దాని మీదే. కొట్లాడి గెలుచుకున్నదాని మీద కూర్చోవడంలో ఉండే హాయి వేరు కదా.

ఈ ఏడు వానలప్పుడు చెడ్డపని జరిగింది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగ రేకు అంచుకు రాసుకుని తోలు ఊడింది. వానకు రేకుల్లోకి కరెంటు పాకింది, రేకుల దూలానికి కట్టిన ఇనుప దండెంలోకి దిగింది. దండెం గుంజకు కట్టేసిన మేక గిలగిల కొట్టుకుని చచ్చింది. అంతకు కాస్త ముందే స్తుతి ఆ దండెం మీది నుంచే తన గౌను లాక్కుని లోపలికి ఉరికింది. ఆ సంగతి తెలిసినప్పుడు పరమేష్ భార్య మనోజ పిల్లను ఒళ్ళోకి లాక్కుని వదల్లేదు. మారెమ్మ గోడకు జారబడింది. ఒకరిని మట్టిలో పెట్టిన ఇల్లు అది, ఇంకొకరిని పెట్టే బలం ఆమెకు లేదు.

పరమేష్ ఆదిభట్ల దిక్కు ఒక కంపెనీలో పనిచేస్తాడు. ఇక తీగ గాలిలో ఉండొద్దనుకున్నాడు. స్తంభం దగ్గరి నుంచి కరెంటు తీగ, పక్కనే ఉన్న బోరు నుంచి నీళ్ళ పైపు, రెండూ జానెడు ఎడంతో భూమిలో పూడ్చి ఇంట్లోకి తెద్దామని ప్రభుదాస్‌ను పిలిచాడు. తండ్రి జోడీ, ఇంటి మనిషి. మిషన్ పెట్టి ఒక గంటలో తవ్వించేద్దామని పరమేష్ అంటే, తల్లి నోరు లేచింది.

"మిషనొద్దు. చేత్తోటి తవ్వుండ్రి."

రెండో శనివారం పొద్దున్నే ప్రభుదాస్ గడ్డపార, పార పట్టుకుని వచ్చాడు. స్తంభం నుంచి ఇంటికి దగ్గరి దారి చూసుకుని సున్నం గీత గీశాడు. గీత కానుగ చెట్టు మొదలును రాసుకుంటూ పోయింది. మారెమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి లేచింది. పోయి గీత మీద నిలబడి కాలితో సున్నం చెరిపేసింది.

"ఏందమ్మా?" అన్నాడు పరమేష్.

"గిటు వద్దు."

"ఎందుకొద్దు? దగ్గరి దారి గిదే. వేర్లు కొన్ని తెగుతయి, చెట్టుకేం కాదు."

"చెట్టు సంగతి కాదురా." కొడుకుకు ఎన్నడూ నోరు విప్పి చెప్పని మాట. "నీ అక్క ఉన్నదిరా గక్కడ."

తనకంటే ముందు ఒక పిల్ల పుట్టి పోయిందని పరమేష్ ఎప్పుడో విన్నాడు గానీ, అది ఇక్కడే ఉందని, తల్లి ఇన్నేళ్ళూ దాన్ని తలుచుకుంటూనే ఉందని వాడికి తెలియదు. ఈస్టరు కొవ్వొత్తి చెట్టుకు మొక్కు అనుకున్నాడు. గడపలోంచి మనోజ వచ్చి అత్త పక్కన నిలబడింది.

"చెట్టు దిక్కు ముట్టుకోకుండ్రి. ఇంకో దారి చూడుండ్రి" అంది భర్తతో, ప్రభుదాస్‌తో కలిపి.

"ఇంకో దారంటే నల్లా దిక్కుకెళ్ళి రావాలె" అని ప్రభుదాస్ తల గోక్కున్నాడు. "గక్కడ వదినె బండ ఉన్నది గదా."

అందరూ మారెమ్మ వైపు చూశారు. ఆ బండను కదిలించమని అడిగే ధైర్యం ఎవరికుంది? ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"పీకుండ్రి. బండదేముంది? నా బిడ్డ కంటే ఎక్కువనా?"

గడ్డపారలు పెట్టి బండను లేపి పక్కకు దొర్లిస్తుంటే ప్రభుదాస్ ఊరుకోలేదు. "అన్న ఉంటే ఇయ్యాల పండుగ చేస్తుండె వదినె. నీ బండ లేసిందని దావతిస్తుండె."

"ఇస్తడు ఇస్తడు. నీ అన్న చేతికి పైసలొచ్చేది ఎప్పుడు, దావతిచ్చేది ఎప్పుడు" అని ఆమె కూడా నవ్వింది. బిడ్డకు అడ్డుపడి కాపాడుకున్నానన్న తృప్తితో ఒళ్ళు తేలికైనట్టుంది. టీ పెట్టడానికి లోపలికి పోయింది.

బండ కింద నేల నాని మెత్తగా ఉంది. పార సులువుగా దిగింది. రెండేళ్ళ సబ్బు వాసన మట్టిలో ఇంకా ఉంది. ప్రభుదాస్ తవ్వుతుంటే పరమేష్ మట్టి తోడి గట్టున పోస్తున్నాడు. మారెమ్మ టీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వచ్చేసరికి గుంత మోకాలి లోతు దాటింది. ఆమె వంగి ఒక గ్లాసు అందించబోతుండగా గడ్డపార దేనికో తగిలి టక్కుమంది.

ప్రభుదాస్ చెయ్యి ఆగిపోయింది. గడ్డపార పక్కన పడేసి వంగి చేత్తో మట్టి తుడిచాడు. ఎర్రటి అంచు కనబడింది.

"ఆగు పరమేషా, పార దించకు. ఇటుక తగిలింది. కింద లైనున్నది."

"ఈడ లైనెక్కడిది చిన్నాయనా? మనింటికి కరెంటొచ్చిందే అటు దిక్కుకెళ్ళి గదా."

ప్రభుదాస్ చేతులు ఇంకా తుడుస్తూనే ఉన్నాయి. ఇటుక పక్కన ఇటుక బయటపడింది. అడ్డంగా పేర్చి ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని. సందుల్లో ఇసుక. ఆయన ఆ చివర వెతికాడు, ఇటుకలు అయిపోయాయి. ఈ చివర వెతికాడు, ఇటూ లేవు. ఏ లైనూ అటు నుంచి రాలేదు, ఇటు పోలేదు. నడుమ మూరెడు పొడుగు మాత్రమే ఉన్నాయి.

మూరెడు పొడుగున్న లైను ఎవరు వేస్తారు? ప్రభుదాస్ గుంతలో మోకాళ్ళ మీద అలాగే కూర్చుండిపోయాడు. మెల్లగా తలెత్తి మారెమ్మను చూశాడు.

"వదినె" అన్నాడు. "ఇది అన్న చెయ్యి."

మారెమ్మ ఇటుకలను చూస్తోంది. పట్నం భట్టీ ఇటుకలు. సంచీ దించి, "నీ పొయ్యికే" అని మొగుడు మురిసిపోతూ చూపించిన ఇటుకలు. ఎవడో ఎత్తుకుపోయాడన్న ఇటుకలు. పళ్ళెం చేతిలోంచి జారింది. టీ ఆమె కాళ్ళ మీదే ఒలికింది. ఆమెకు ఆ వేడి కూడా తెలియలేదు.

పరమేష్ పట్టుకోబోయాడు. తోసేసి గుంతలోకి దిగింది. ఆ వయసులో ఎలా దిగిందో ఏమో, దిగి ఇటుకల మీద రెండు చేతులూ పెట్టింది. ఊరంతా భయపడే ఆ నోరు ఎన్నడూ ఏడవనట్టు ఏడ్చింది.

"నా చేతులిరిగిపోను... నీ మీద బండేసిన బిడ్డా. రెండేండ్లు నీ మీద బట్టలు బాదిన. మురికి నీళ్ళు పోసిన. కాళ్ళు చాపుకొని కూసొని నవ్విన బిడ్డా, నీ మీద కూసొని నవ్విన."

తలను ఇటుకలకేసి కొట్టుకోబోతే మనోజ గుంతలోకి దూకి అత్తను పొదివి పట్టుకుంది. "నీకు తెల్వదు అత్తమ్మా, తెల్వక చేసినవ్" అంటూ తనూ ఏడ్చేసింది. పరమేష్ గట్టు మీద నిలబడి, మీసాలొచ్చిన మగవాడు, వెక్కిళ్ళు పెట్టాడు.

"వద్దన్నడు గదే" అంటోంది మారెమ్మ. "గక్కడ బండొద్దు, గక్కడ బండొద్దని నెత్తినోరు కొట్టుకున్నడు. జీవితమంత నీళ్ళు మోసిండు. పంతమనుకున్న. ముసలోడా, ఒక్క మాట చెప్తే ఏం పోతుండె నీకు? ఒక్క మాట..."

ఆ మాట ఆయన నోట ఎందుకు రాలేదో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. తల్లికిచ్చిన ఒట్టు. చెప్పలేడు, చెప్పకుండా ఊరుకోనూ లేడు. తనకు చేతనైన పద్ధతిలో తనే చెప్పిపోయాడు, ఎప్పుడో ఎవరో తవ్వితే గడ్డపారకు తగలాలని. దవాఖానలో కళ్ళు మూసుకున్నది అవునని కాదేమో. కాదని తల ఊపే సత్తువ లేకేమో. ఆమే అవుననుకుని, ఆయన మొహం తుడిచి సంతోషపడింది.

చాలాసేపటికి ప్రభుదాస్ అడిగాడు, ఇటుకలు తీసి ఒకసారి చూస్తావా వదినె అని. ఆమె తల అడ్డంగా ఊపింది.

"తియ్యకుండ్రి. ఆగమని పెట్టిండు గదా. ఆగుండ్రి."

ఇటుకల మీద కొత్త ఇసుక తనే పోసింది. లైనుకని తెచ్చిన ఇటుకల్లోంచి మంచివి ఏరి, కింది వాటి మీదుగా అడ్డంగా, ఒకదాన్నొకటి ఆనుకునేట్టు ఇంకో వరస పేర్చింది. ప్రభుదాస్ చెయ్యి వెయ్యబోతే పడనివ్వలేదు. తర్వాత మట్టి కప్పారు. పరమేష్, ప్రభుదాస్ కలిసి ఆ బండను గడ్డపారలతో దొర్లించుకుంటూ పోయి కంచె అవతల పడేశారు.

ఎండ నెత్తి మీదికొచ్చింది. తీగ, పైపు గట్టు మీద చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. ప్రభుదాస్ చేతులు దులుపుకుని, ఏం చేద్దామన్నట్టు పరమేష్‌ను చూశాడు. పరమేష్ తల్లిని చూశాడు. మారెమ్మ కానుగ చెట్టు వైపు చూస్తోంది. కిందటి ఈస్టరుకు పెట్టిన కొవ్వొత్తి మైనం చెట్టు మొదట్లో ఇంకా అంటుకునే ఉంది.

"చెట్టు కిందికెళ్ళే తీస్కపోండ్రి" అంది. "గక్కడ ఎవ్వరు లేరు."

సాయంత్రానికి తీగ, పైపు రెండూ చెట్టు పక్క నుంచి భూమిలోకి పోయాయి. ఇంట్లో బల్బు వెలిగింది. దండెం తాడుదే కట్టారు. ఇంక స్తుతికి ఏ భయమూ లేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చి మారెమ్మ విడిచిన బట్టలు మూటగట్టుకుని ఇంటి వెనక పాత బండ దగ్గరికి పోయింది. డ్రమ్ము బోర్లించి ఉంది, అడుగున సాలీడు గూడు కట్టింది. తిరగేసి నిలబెట్టి, దాని అంచు పట్టుకుని నిలబడిపోయింది. నారయ్య ఉన్నంతకాలం అది నిండే ఉండేది, ఎవరు నింపుతున్నారో చూస్తూనే తిట్టింది. మూట అక్కడే వదిలేసి ముందుకొచ్చి, మట్టి కప్పిన చోట, ఇటుకలున్న మేర తప్పించి ఒక పక్కగా చతికిలబడింది.

అప్పటి నుంచి ఆమె కూర్చునేది అక్కడే. పొద్దున టీ తాగి వచ్చి కూర్చుంటుంది. రోడ్డు మీద పోయేవాళ్ళు పలకరిస్తే తలాడిస్తుంది, తిట్టదు. పాలు పోసే మనిషి ఆమె తిట్టడం లేదని మనోజ దగ్గర దిగులుపడ్డాడు. పైన చిన్న సిలువ పెట్టి సిమెంటుతో కట్టిస్తానని పరమేష్ అంటే, "ఇంకేం బరువు పెట్టకురా దాని మీద" అంది.

ఒకనాడు మధ్యాహ్నం మనోజ కంచంలో అన్నం పట్టుకుని వచ్చింది.

"ఎండ నెత్తిమీదికొచ్చింది అత్తమ్మా. లోపటికి రా, తిని మళ్ళొచ్చి కూసుందువు."

మారెమ్మ లేవలేదు. అరచేత్తో మట్టిని చదును చేస్తూ ఉంది, పిల్లను జో కొట్టినట్టు.

"నీ మామ అననే అన్నడు మనోజా, తెలిస్తే గక్కడ్నే కూసుంటవని" అంది. "నా సంగతి ఆయనకెర్క."

మనోజ కంచం కింద పెట్టి, అత్త పక్కన నేల మీద కూర్చుని, అన్నం కలిపి ముద్ద అందించింది.